గేటు దాటిన బర్రె

అస్కర్, బహ్రెయిన్
12 నవంబర్ 2023

అక్క శోభారాణికి, తమ్ముడు దేవేందర్ రాస్తున్నది.

ఇది నీ చేతికి అందేసరికి రేకులపల్లెలో చలి ముదిరి ఉంటుంది. ఇక్కడ ఇప్పుడిప్పుడే మధ్యాహ్నం పూట షెడ్డులో నిలబడగలుగుతున్నాం.

మొన్న పాల సెంటరు వెంకటి ఫోనులో నిన్ను చూశాను. నేనేం చెప్పినా నీకు వినబడలేదు. అయినా నవ్వుతూ తల ఊపుతూనే ఉన్నావు. ఫోను పెట్టేశాక ఆ రోజంతా నాకు మనసు బాగాలేదు. రాసి ఫొటో పంపుదామంటే నీకంటే ముందు వెంకటి చదువుతాడు, ఆ తర్వాత ఊరు చదువుతుంది. అందుకే పోస్టు. ఆలస్యమైనా ఇది నీ ఒక్కదానిదే.

ఫ్యాక్టరీ కాంట్రాక్టరును విడిచి ఈ ఆవుల ఫారానికి వచ్చి ఏడాది దాటింది. అరవై ఆవులు, ముగ్గురు పనివాళ్లం. మిగతా ఇద్దరూ బంగ్లాదేశ్ వాళ్లు. వాళ్లిద్దరూ వాళ్ల భాషలో మాట్లాడుకుంటారు, నేను ఆవులతో తెలుగులో మాట్లాడతాను. మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని, డెబ్బై దాటిన ముసలాయన. అందరం బాబా అంటాం. రోజూ పొద్దున కర్ర పట్టుకొని వచ్చి ఒక్కో ఆవు నుదురు తట్టి పోతాడు.

ఈ వారం ప్రభుత్వం నుంచి పశువుల డాక్టరమ్మ వచ్చింది. పేరు అమీనా. ఒక్కో ఆవు మెడ మీద వెంట్రుకలు గొరిగి సూది వేసింది. మూడో రోజు వచ్చి ఆ చోట తోలు ఎంత మందం అయిందో కొలిచింది. నాలుగింటికి వాచింది. బాబా "సిల్, సిల్" అంటూ తల పట్టుకున్నాడు. అదేం రోగమో నాకు తెలియలేదు. అప్పటి నుంచి గేటుకు కాగితం అంటించారు. ఎవరూ బయటికి పోవద్దు, బయటివి లోపలికి రావద్దు. రెండు నెలల తర్వాత మళ్లీ పరీక్ష. గేటు తాళంచెవి నా దగ్గరే ఉంచారు.

మన బర్రె ఎట్లా ఉంది? పోయినసారి సన్నబడిందన్నావు.

నీ తమ్ముడు
దేవేందర్

*

రేకులపల్లె, జగిత్యాల జిల్లా
8 డిసెంబర్ 2023

తమ్ముడు దేవేందర్‌కు అక్క దీవెనలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నిన్ను లోపల పెట్టి గేటుకు తాళం వేశారా? ఎవరూ బయటికి పోవద్దని కాగితం ఎందుకు అంటించారు? పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంది? పశువులకు రోగమొస్తే మనుషులను కట్టేసే ఊరు ఎక్కడైనా ఉంటుందా? ఏదైనా గొడవ అయితే నా దగ్గర దాచకు. నీ రాత చూస్తే ఏదో దాచినట్టే ఉంది.

నేనొక పని చేశాను, కోప్పడకు. నీకు సంబంధం చూశాను. కోరుట్ల దగ్గర వాళ్లు. పిల్ల పేరు కళ. భర్త పోయి నాలుగేళ్లు. ఆడపిల్లలకు కుట్టుమిషను నేర్పుతుంది. మొన్న తల్లితో కలిసి మన ఇంటికి వచ్చింది. నాకు వినబడదని తెలిసి ఎదురుగా కూర్చుని, పెదవులు కనబడేటట్టు నిదానంగా మాట్లాడింది. "ఆయన నీకు ఉత్తరాలు రాస్తడట గదా వదినా. ఒక్కటి చూపిస్తవా?" అని అడిగింది. ఇంకా ఏమీ కాకముందే వదినా అన్నది. నీ ఉత్తరం ఇచ్చాను. ఆవులతో తెలుగులో మాట్లాడతానని రాశావే, అక్కడ ఆగి నవ్వింది. ఆ నవ్వు నాకు వినబడలేదు గానీ భుజాలు కదిలాయి. నీకు ముప్పై తొమ్మిదేళ్లు నిండాయి. ఇక వద్దనకు.

బర్రె దగ్గుతోంది. మేత సరిగ్గా తినదు. పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. పాలు ఒకపూటే ఇస్తోంది. చలికి అనుకుంటున్నాను. నాకు కూడా మెడ పక్కన ఒక బిళ్ళ కట్టింది. నొప్పి లేదు. పసుపు, సున్నం పెడుతున్నాను. ఎప్పటిలాగే పిండగానే ఒక గ్లాసు పచ్చిపాలు తాగుతున్నాను కాబట్టి నీరసం లేదు.

గేటు సంగతి నిజం రాయి.

అక్క
శోభారాణి

*

అస్కర్
2 జనవరి 2024

అక్కా,

ముందు ఒక మాట. ఇది చదవగానే పచ్చిపాలు తాగడం ఆపు. నీ బిళ్ళ చూపించుకోవడానికి జగిత్యాల పెద్దాసుపత్రికి పో. బర్రెను ఎవరికీ అమ్మకు, మందలోకి తోలకు.

సిల్ అంటే ఏమిటో ఇప్పుడు తెలిసింది. గడ్డి లారీ నడిపే రషీద్ మన మెట్‌పల్లివాడే. నిన్న డాక్టరమ్మ వచ్చినప్పుడు అతనూ ఉన్నాడు. ఆమె అరబ్బీలో చెబుతుంటే నాకు తెలుగులో చెప్పాడు. "సిల్ అంటే టీబీ, దేవేందర్ భాయ్. మనుషులకు వచ్చేదే పశువులకు గూడ వస్తది. దగ్గుతోని ఒకదానికెళ్లి ఒకదానికి, పచ్చిపాలతోని మనిషికి. మనిషికి వస్తే ఒక్కోసారి మెడ మీద గడ్డలు కడ్తయట." వింటుంటే నువ్వు రాసిన బిళ్ళ, పచ్చిపాలు గుర్తొచ్చాయి.

నన్ను ఎవరూ బంధించలేదు. ఆ కాగితం ఆవుల గురించి. ఎవరూ పోవద్దని రాసింది నా తప్పు. ఆవు ఒక్కటి బయటికి పోతే, అది కలిసిన మందంతా పాడవుతుందని ఆ ఆజ్ఞ. నేను బయటికి పోవచ్చు. పోవడానికి చోటు లేదు, అంతే.

ఇక్కడ ఇంకో చిక్కు. బాబా కొడుకు మొన్న నన్ను పక్కకు పిలిచాడు. రెండో పరీక్షకు ముందే ఇంకా ఈనని పన్నెండు పడ్డలను నువైద్రాత్ వైపు ఉన్న చుట్టాల షెడ్డుకు పంపిస్తాడట. "శుక్రవారం పొద్దున లారీ వస్తది. నువ్వు గేటు తియ్యి, చాలు" అని హిందీలో చెప్పాడు. తీస్తే అవతలి మంద పాడవుతుంది. తీయకపోతే నా వీసా అతని చేతిలో ఉంది. ఎవరిని అడగాలో తెలియడం లేదు.

ఈ ఉత్తరం చేరేదాకా ఆగలేక ఇప్పుడే వెంకటికి ఫోను చేశాను. లైను తెగుతూనే ఉంది. అయినా అరిచి చెప్పాను: "టీబీ... దవాఖానకు పొమ్మను... బర్రెను అమ్మొద్దని అక్కకు చెప్పు." "సరే అన్నా, సమజైంది" అన్నాడు. నువ్వు ఇష్టపడవని తెలిసినా వేరే దారి లేక చేశాను. నీకు చెప్పే ఉంటాడు.

కళ గురించి రాసింది చాలాసార్లు చదువుకున్నాను. వద్దనను.

దేవేందర్

*

రేకులపల్లె
9 జనవరి 2024

నా తమ్ముడికి,

నువ్వు ఏ ఆసుపత్రిలో ఉన్నావో తెలియదు. పాత చిరునామాకే రాస్తున్నాను. ఎవరైనా దయగలవాళ్లు నీకు అందించాలి.

పోయిన మంగళవారం వెంకటి పరుగెత్తుకుంటూ వచ్చాడు. నా మొహానికి ఎదురుగా నిలబడి వాడకట్టంతా వినేటట్టు అరిచాడు. "అక్కా, మీ దేవేందర్‌కు టీబీ అట! దవాఖానల ఉన్నడట! బర్రెను అమ్ముమన్నడు!" వాడి తప్పేం లేదు, పాపం. మళ్లీ నీకు ఫోను కలపమంటే కలవలేదు.

ఇప్పుడు అన్నీ అర్థమవుతున్నాయి. గేటుకు తాళం వేసింది నీకే. ఆవుల పేరు పెట్టి నా దగ్గర నీ రోగం దాచావు. చిన్నప్పుడు జ్వరమొచ్చి నా చెవులు పోయినప్పుడు కూడా మంచి మాటలే రాసి చూపించేవాడివి. పలక మీద "రేపు వినబడుతుంది" అని రాశావు. ఆరేళ్లవాడివి.

నువ్వు చెప్పినట్టే చేశాను. బర్రెను చింతకుంట దుర్గవ్వకు అమ్మాను. ఆమె ఇంట్లో మనుమరాలికి పాలు కావాలట. తోలుకుపోతుంటే బర్రె గడపదాకా వచ్చి నిలబడిపోయింది. నేను వెనుక నుంచి నెట్టాను. నీ విమానం టికెట్టుకు ఆ డబ్బు సరిపోతుందని వెంకటి అన్నాడు. ఎవరికి పంపాలో, ఎట్లా పంపాలో రాయి. వెంటనే వచ్చెయ్యి. నేను చూసుకుంటాను.

కళ వాళ్లకు వార్త అందింది. తల్లి ఒక్కతే వచ్చి పోయింది. నా మొహంకేసి చూడలేదు, తన పెదవులు నాకు చూపించలేదు. గోడ వైపు తిరిగి ఏదో చెప్పింది. అర్థం కావడానికి వినక్కర్లేదు.

అక్క

*

అస్కర్
30 జనవరి 2024

అక్కా, నాకు టీబీ లేదు.

డాక్టరమ్మ మా ముగ్గురికీ ఎక్స్‌రే తీయించింది. నా ఛాతీ శుభ్రంగా ఉంది. నేను ఏ ఆసుపత్రిలోనూ లేను. వెంకటికి ఫోను చేస్తూనే ఉన్నాను, కలవడం లేదు. ఈపాటికి నా రెండో తారీఖు ఉత్తరం నీకు అంది ఉంటుంది. నేను అన్నది "అమ్మొద్దు" అని. లైను తెగి ఆ సగం మాట వాడికి వేరేగా చేరింది. ఇన్నాళ్లు నేను చచ్చిపోతున్నాననుకుంటూ బతికావు. ఆ రోజులన్నీ నేను హాయిగా, నీకు చెప్పానులే అనుకుంటూ పడుకున్నాను.

ఇక్కడ జరిగింది చెప్తాను. శుక్రవారం పొద్దున లారీ వచ్చింది. నడిపేది రషీదే. కొడుకు "యల్లా, యల్లా" అని తొందరపెడుతున్నాడు. నేను ధైర్యవంతుణ్ణని అనుకోకు. గేటు దాకా పోయి తాళంలో చెవి కూడా పెట్టాను. అప్పుడు నీ మెడ బిళ్ళ గుర్తొచ్చింది. చెవి తీసుకొని పక్కనే ఉన్న బాబా ఇంటికి పోయాను. ఆయన టీ తాగుతున్నాడు. తాళంచెవి ఆయన చేతిలో పెట్టి, నాకొచ్చిన అరబ్బీలో "బాబా, నేను తీయలేను, మీరే తీయండి" అన్నాను. ఆయన దాన్ని జేబులో వేసుకొని, కర్ర పట్టుకొని నడిచొచ్చి లారీ బానెట్టు మీద ఆ కర్రతో రెండుసార్లు కొట్టాడు. రషీద్ దిగి, "షుకర్ అల్లాకు. నేనెట్ల కాదనాలె అని దారంత ఏడ్చుకుంట వచ్చిన భాయ్" అన్నాడు. ఖాళీ లారీ వెనక్కి పోయింది.

రెండో పరీక్షలో ఆ పన్నెండు పడ్డల్లో ఐదింటికి వాచింది. కొడుకు నాతో ఒక్కటే మాట అన్నాడు: ఈ పరీక్షలు అయిపోతే నీ పని ఖలాస్.

ఆ సాయంత్రమే నీ ఉత్తరం అందింది. చదివి షెడ్డు వెనక గడ్డిమోపుల మీద కూర్చున్నాను. పరాయివాళ్ల పన్నెండింటిని ఆపాను. మన ఇంటి ఒక్కదాన్ని నేనే, నా నోటితోనే, ఒక చంటిపిల్ల ఇంటికి తోలాను.

మొదట నీ మీద కోపం వచ్చింది. అది తప్పు, ఎంతోసేపు లేదు. అక్కా, దుర్గవ్వ దగ్గరికి పో. ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఆమె తిడితే తిట్టించుకో. డబ్బు తిరిగి ఇచ్చెయ్యి. పశువుల డాక్టరును పిలిపించు. ఆ తర్వాత నీ మెడ చూపించుకో. ఈ రెండూ చేశానని రాసేదాకా నాకు అన్నం దిగదు.

దేవేందర్

*

రేకులపల్లె
24 ఫిబ్రవరి 2024

తమ్ముడూ,

నువ్వు బాగున్నావు. ముందు అది రాసుకోనీ.

నీ జనవరి రెండో తారీఖు ఉత్తరం ఇరవై ఎనిమిదిన వచ్చింది. చదివి పొలాలవెంట చింతకుంటకు నడిచాను. దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగాను. అది కూడా చెబుతున్నాను.

దుర్గవ్వ వాకిట్లో పేడ ఎత్తుతోంది. బర్రె ఆమె ఆవు పక్కనే కట్టేసి ఉంది. నన్ను చూసి మెడ ఎత్తింది. నేను కొంగులో డబ్బు మూట విప్పి ఆమె ముందు పెట్టాను. "దుర్గవ్వా, ఈ బర్రెకు టీబీ ఉన్నట్టున్నది. నాకు తెల్వక అమ్మిన. మీ మనుమరాలికి పచ్చిపాలు పోసినవా?" అని అడిగాను. నా గొంతు ఎంత పెద్దగా వస్తుందో నాకు తెలియదు కదా. చుట్టుపక్కల తలుపులన్నీ తెరుచుకున్నాయి.

ఆమె తిట్టింది. వినబడకపోవడం ఆ రోజు మేలే అయింది. అయినా ఆమె చెయ్యి, ఆమె కళ్లు చూశాను. చివరికి నా గదవ పట్టుకొని మొహం తనవైపు తిప్పుకుంది. పెదవులు ఒక్కో మాటా విడదీసి పలికాయి. "కాగబెట్టినంక పోసిన. కానీ నువ్వు చెప్పకపోతే? చెప్పకపోతే ఏమయ్యేది?" అక్కడే పేడలో కూర్చుండిపోయాను.

ప్రభుత్వ పశువైద్యుణ్ణి పిలిచాం. నువ్వు రాసినట్టే మెడ గొరిగి సూది వేశాడు. మూడో రోజు నిమ్మకాయంత వాచింది. ఆవుకు ఏమీ లేదు. దానికి మళ్లీ పరీక్ష చేస్తాడట. మనుమరాలికి పిల్లల డాక్టరు చూసి భయం లేదన్నాడు. బర్రెను ఇంటికి తోలుకుపోతానంటే డాక్టరు ఒప్పుకోలేదు. దారిలో ఊరి మందలు తాగే తొట్లున్నాయి, ఇక్కడి నుంచి అడుగు కదపొద్దన్నాడు. దుర్గవ్వ పొలం చివర పాత మోటరు కొట్టం ఉంది. అందులో కట్టాం. దాని పాలు, పేడ ఎవరూ ముట్టొద్దు. రోజూ పొద్దున నేను మూతికి గుడ్డ కట్టుకొని పోయి మేత వేసి, నీళ్లు పెట్టి వస్తున్నాను. మొదటి నాలుగు రోజులు దుర్గవ్వ తలుపు తీయలేదు.

ఇప్పుడు రెండో సంగతి. జగిత్యాలలో నా బిళ్ళలోకి సూది గుచ్చి తీశారు. టీబీయే. గడ్డల టీబీ. ఊపిరితిత్తుల్లో లేదు, నా నుంచి ఎవరికీ అంటదట. ఆరు నెలలు మాత్రలు. ఊరికే ఇస్తారు. నువ్వు భయపడతావని రాయొద్దనుకున్నాను. కానీ ఇంత జరిగాక ఇంకేం దాచను.

అక్క

*

తుబ్లీ
20 మార్చి 2024

అక్కా,

చిరునామా మారింది, చూసుకో.

ఫారం ఖాళీ అయింది. మూడో పరీక్ష దాకా ఆగకుండా బాబాయే మొత్తం మందను కోతకు ప్రభుత్వానికి ఇచ్చేశాడు. లారీలు వచ్చిన రోజు ఆయన ఒక్కో ఆవు నుదురు తట్టాడు. అరవయ్యోది ఎక్కాక తట్టడానికి ఏమీ లేక చెయ్యి అట్లాగే గాలిలో ఆగింది. నేను ఆ చేతిని పట్టుకొని ఇంట్లోకి తీసుకుపోయాను. ఆయన కొడుకు చూశాడు గానీ ఏమీ అనలేదు. మర్నాడు నేను వేరేచోట పనిలో చేరడానికి కాగితాల మీద సంతకం చేసి ఇచ్చాడు.

షెడ్డు కడిగి సున్నం కొట్టడానికి నన్ను ఇంకో వారం ఉంచారు. బంగ్లా వాళ్లు పోయారు. అరవై ఆవుల చప్పుడు ఎంతుంటుందో అవి లేకుంటేనే తెలిసింది. నువ్వు ముప్పై ఏళ్లుగా ఎట్లాంటి చోట ఉంటున్నావో ఆ వారంలో కొంచెం తెలిసింది.

రషీద్ మాట సాయంతో తుబ్లీలో ఒక వర్క్‌షాపులో పని దొరికింది. ఇనుప కిటికీలు చేస్తారు. రాగానే రెండు నెలల సెలవు అడిగాను. అక్కకు బాగాలేదని చెప్పాను. ఏడాది నిండనిదే కుదరదన్నారు. ఇప్పుడు పోతే వీసా పోతుంది, మళ్లీ రావడం ఉండదు. నాలుగు రోజులు ఆలోచించాను. నువ్వు రమ్మంటే అన్నీ వదిలి వస్తాను. ఒక్క మాట రాయి.

మాత్రలు ఒక్క రోజు కూడా తప్పొద్దు. బాగైనట్టనిపించినా ఆపొద్దు.

ఇక్కడ పనిలో మాట్లాడటానికి ఆవులు కూడా లేవు.

దేవేందర్

*

రేకులపల్లె
6 సెప్టెంబర్ 2024

తమ్ముడు దేవేందర్‌కు,

ఏప్రిల్‌లో రాసిన కార్డులో "రావద్దు, పని చేసుకో" అని ఒక్క ముక్క రాసి పంపాను. నీకు బాధ కలిగి ఉంటుంది. రమ్మని రాసిన కార్డు ఇంకొకటి ముందే రాశాను. అది పోస్టు చేయలేదు.

బర్రె మే నెలలో పోయింది. చివరి వారం లేవలేదు. దుర్గవ్వ, నేను గోతి దగ్గర నిలబడ్డాం. లోతుగా తవ్వి సున్నం పోసి పూడ్చారు. ఆమె ఆవుకు రెండో పరీక్షలో కూడా ఏమీ లేదు. ఆ మాట చెప్పడానికి వెంకటిని బండి మీద పంపించింది. వాడు ఈసారి కాగితం మీద రాయించుకొని వచ్చి, గడప అవతల నుంచే ఇచ్చాడు.

కళకు జూన్‌లో పెళ్లయింది. పత్రిక మనకూ పోస్టులో వచ్చింది. పోలేదు. కుట్టుపని చేసే చేతితోనే మన పేరు రాసింది, అక్షరాలు వరుసగా ఉన్నాయి.

నా మాత్రలు పోయిన వారం అయిపోయాయి. బిళ్ళ కరిగిపోయింది. ఆసుపత్రిలో "ఇగ ఏం లేదు పో అవ్వా" అన్నారు. నాకు నలభై ఏడే కదా, అవ్వా అన్నందుకు కోపం వచ్చింది. కానీ ఊరికి ఎవరు చెప్పాలి? ఆరు నెలలుగా ఎవరూ మన గడప తొక్కలేదు. నేను కొట్టుకు పోతే సామాను బల్ల మీద పెట్టి వెనక్కి జరుగుతారు. నాకు వినబడదు కాబట్టి ఎప్పటినుంచో ఒంటరిదాన్నే. అయినా ఇది వేరు. ఇది కనబడుతుంది.

నిన్న పొద్దున దుర్గవ్వ వచ్చింది. చింతకుంట నుంచి నడిచి, ఎవరినీ అడగకుండా నేరుగా లోపలికొచ్చి పీట లాక్కొని నా ఎదురుగా కూర్చుంది. మొహం నావైపు పెట్టి, పెదవులు విడదీసి పలికింది. "దూరం నడిచొచ్చిన. చాయ్ పొయ్యవా?"

స్టీలు గ్లాసు రెండుసార్లు కడిగి పోశాను. వాకిలి అవతల ఇద్దరు ముగ్గురు ఆగి చూస్తున్నారు. ఆమె వాళ్లవైపు ఒకసారి చూసి, గ్లాసు నోటికి పెట్టుకొని నిదానంగా తాగింది. చివరి గుక్క దాకా తాగి, గ్లాసు నా ముందుకు చాచి, "ఇంకో సగం" అంది.

ఆమె పోయాక చాలాసేపు ఆ గ్లాసు కడగలేదు.

అక్క
శోభారాణి